లోలింగైట్: ఇనుము, ఆర్సెనిక్ కలిసిన వెండిరంగు ఖనిజం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వెండిలా మెరుస్తూ, చూసినదానికంటే చేతిలో ఎక్కువ బరువు తూగే రాయి దొరికితే ఎవరికైనా ఆశ పుడుతుంది. రాళ్ళ సేకరణలో ఉన్న నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్నలు అలాంటి రాళ్ళ గురించినవే. అడిగిన ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ వస్తున్నందున జవాబులను ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. ఒక్క మాట మాత్రం అందరికీ: ఈ రాయిని నిప్పు మీద పెట్టకండి.

## రాయి చేతికి వచ్చినప్పుడు

లోలింగైట్ అంటే ఏమిటి? ఇది ఇనుమా, పాషాణమా?

రెండూ కలిసినది. ఒక్కో ఇనుప పరమాణువుకు రెండేసి ఆర్సెనిక్ పరమాణువులు చేరి ఏర్పడిన ఖనిజం ఇది. శుద్ధమైన లోలింగైట్ బరువులో సుమారు 73 శాతం ఆర్సెనిక్, 27 శాతం ఇనుము ఉంటాయి. ఆస్ట్రియాలోని కరింథియా ప్రాంతంలో హ్యూటెన్‌బెర్గ్ ఇనుప గనుల పక్కన లోలింగ్ అనే ఊరుంది. ఆ ఊరి పేరునే 1845లో ఖనిజశాస్త్రవేత్త విల్‌హెల్మ్ హైడింగర్ ఈ ఖనిజానికి పెట్టాడు. పాషాణం అన్న మాటకు మన భాషలో రాయి అనీ, విషం అనీ రెండు అర్థాలున్నాయి. ఈ ఖనిజానికి ఆ రెండూ వర్తిస్తాయి.

నా రాయి వెండిలా మెరుస్తోంది, బాగా బరువుగా ఉంది. లోలింగైటే కదా?

అంత త్వరగా పేరు పెట్టకండి. వెండి తెలుపు, ఉక్కు బూడిద రంగుల్లో మెరిసే బరువైన ఖనిజాలు పదికి పైగా ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా పొరబడేది ఆర్సెనోపైరైట్‌తో. తర్వాత సీసపు ఖనిజమైన గెలీనా. ఆ తర్వాత కోబాల్ట్, నికెల్ లోహాలు ఆర్సెనిక్‌తో కలిసిన ఖనిజాలు, అంటే ఆర్సెనైడ్‌లు: స్కుటరుడైట్, సాఫ్లోరైట్, రామెల్స్‌బెర్గైట్. వీటన్నిటికీ ఒకే రకం మెరుపు. తాజాగా విరిగిన చోట ఒక రంగు, గాలికి మాసిన చోట మరో రంగు కనిపిస్తాయి కాబట్టి ఫోటో చూసి ఎవరైనా ధీమాగా పేరు చెబితే నమ్మకండి. నేను కూడా ఫోటో చూసి చెప్పను.

ఆర్సెనోపైరైట్‌కూ దీనికీ తేడా కంటికి తెలుస్తుందా?

మంచి స్ఫటికాలుంటే కొంత తెలుస్తుంది. ఆర్సెనోపైరైట్ స్ఫటికాలు తరచుగా వజ్రాకారపు అడ్డుకోతతో, ముఖాల మీద సన్నని గీతలతో ఉంటాయి. లోలింగైట్ పట్టకాల్లాగానో, మూడు స్ఫటికాలు ఒకదానిలో ఒకటి దూరి నక్షత్రంలా అల్లుకున్న కవలలుగానో రావచ్చు. కానీ ఈ రెండు ఖనిజాలూ ఒకే రాయిలో పక్కపక్కనే పెరగడం మామూలు. స్ఫటికరూపం లేని ముద్దరాయి అయితే కంటి చూపుతో తేల్చడం అసాధ్యం. అసలు తేడా లోపల ఉంది. ఆర్సెనోపైరైట్‌లో గంధకం ఉంటుంది, ఆర్సెనిక్ 46 శాతమే. ఆ కారణంగా దాని సాపేక్ష సాంద్రత, అంటే అంతే పరిమాణపు నీటికంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె, 6.1 దగ్గర ఆగిపోతుంది. లోలింగైట్‌ది 7.1 నుంచి 7.5 దాకా ఉంటుంది. వంటింటి కాటాతో కూడా పట్టుకోగలిగినంత తేడా ఇది.

దీన్ని ప్లాటినం అంటున్నారు, ఇంకొకరు ఇరిడియం అంటున్నారు. నిజమేనా?

కాదు. శుద్ధ ప్లాటినం సాంద్రత 21.4, ఇరిడియం సాంద్రత 22.6. లోలింగైట్‌కు ఇవి మూడు రెట్లు. ప్లాటినం, ఆర్సెనిక్ కలిసిన స్పెరిలైట్ అనే అరుదైన ఖనిజం ఉన్నా, దాని సాంద్రత కూడా 10.6. సుత్తితో కొడితే ప్లాటినం అణుగుతుంది, లోలింగైట్ పెళుసుగా పగులుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇరిడియం చెంబులు, బియ్యపు గింజలను లాగే పాత్రలు అంటూ సాగిన మోసాల్లో ఎందరో కష్టార్జితం పోగొట్టుకున్నారు. మెరిసే రాయి చూపించి, ముందుగా పరీక్ష ఖర్చు కింద డబ్బు కట్టమనే మనిషి కనిపిస్తే మాట పెంచకుండా వచ్చేయండి.

ఇది ఉల్క కావచ్చా?

అయస్కాంతం దగ్గర పెట్టండి. ఇనుప ఉల్క సాంద్రత 7కు పైనే ఉంటుంది కాబట్టి బరువు ఒక్కటే చూస్తే పొరబడటం సహజం. కానీ ఇనుప ఉల్కను అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. లోలింగైట్‌లో ఇనుమున్నా అయస్కాంతానికి అతుక్కోదు, ఎందుకంటే ఆ ఇనుము ఆర్సెనిక్‌తో బంధంలో ఉంది.

మా పొలంలో దొరికింది. మన ప్రాంతాల్లో ఇలాంటి ఖనిజం ఉండే అవకాశం ఉందా?

ఆర్సెనిక్ ఖనిజాలు మనకు కొత్తవి కావు. తెలంగాణ సరిహద్దుకు అవతల, రాయచూరు జిల్లాలోని హట్టి బంగారు గనిలో బంగారంతో పాటు ఆర్సెనోపైరైట్ ఉంటుంది. లోలింగైట్ సాధారణంగా ఎక్కువ వేడి మీద ఏర్పడిన ఖనిజ సిరల్లో, పెగ్మటైట్లు అనే పెద్ద స్ఫటికాల శిలల్లో, రూపాంతరం చెందిన పురాతన శిలల్లో కనిపిస్తుంది. గంధకం తక్కువగా, ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్న చోట పుడుతుంది. కాబట్టి మీ పొలం ఏ శిల మీద ఉందో తెలియకుండా అవుననీ కాదనీ చెప్పలేం.

ఇంకో సంగతి కూడా చూడాలి. పాత కొలిమి ఉన్న చోట లోహం కరిగించగా మిగిలిన ముద్దలు కూడా ఇలాగే మెరుస్తాయి. ఆర్సెనిక్ ఉన్న ఖనిజాన్ని కరిగిస్తే స్పైస్ అనే పదార్థం అడుగున చేరుతుంది. అదీ ఇనుము–ఆర్సెనిక్ సమ్మేళనమే, కాకపోతే మనిషి చేసింది. ఇరాన్‌లోని తెపె హిస్సార్‌లో కంచు యుగపు తొలి దశలోనే దాన్ని కావాలని తయారుచేసిన ఆనవాళ్ళు దొరికాయి. మీ ముద్దలో గాలి బుడగల గుంతలు, ప్రవహించి గడ్డకట్టిన అంచులు, గాజు లాంటి చిట్టెం ఉంటే అది భూమిలో పెరిగిన ఖనిజం కాదు. దాన్ని పారేయకుండా దొరికిన చోటు రాసి పెట్టండి. పాత లోహ పరిశ్రమ ఆనవాలుగా పురావస్తు శాఖకు అది పనికిరావచ్చు.

## ఇంట్లో చేసుకోగల పరీక్షలు

సాంద్రత ఇంట్లో ఎలా కొలవాలి?

గ్రాములో పదోవంతు చూపే చిన్న డిజిటల్ కాటా, గాజు గ్లాసు, సన్నని దారం చాలు. ముందు రాయిని పొడిగా తూచి రాసుకోండి. తర్వాత సగానికి పైగా నీళ్ళున్న గ్లాసును కాటా మీద పెట్టి సున్నాకు తెచ్చుకోండి. రాయికి దారం కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా నీళ్ళలో మునిగేలా వేలాడదీయండి. అప్పుడు కాటా చూపే అంకె రాయి తొలగించిన నీటి బరువు. పొడి బరువును దానితో భాగిస్తే సాపేక్ష సాంద్రత వస్తుంది.

పొడిగా 74 గ్రాములున్న లోలింగైట్ ముక్క నీళ్ళలో దిగినప్పుడు కాటా 10 గ్రాముల దగ్గర నిలుస్తుంది: 7.4. అంతే బరువున్న ఆర్సెనోపైరైట్ అయితే 12.2 గ్రాములు చూపుతుంది. నేను తూచేటప్పుడు గ్లాసును వెలుతురుకు ఎదురుగా పెట్టుకుని గమనిస్తాను. రాయి మునిగిన వెంటనే పగుళ్ళలో వెండి పూసల్లా బుడగలు పట్టుకుని ఉంటాయి. దారాన్ని మెల్లగా తడితే ఒక్కొక్కటే విడిపోయి పైకి పోతాయి, అంకె కొద్దికొద్దిగా తగ్గి ఒకచోట కుదురుకుంటుంది. అది కుదురుకునేదాకా ఆగాలి. చిన్న రాయిలో రెండు బుడగలు మిగిలినా జవాబు మారిపోతుంది. మూడుసార్లు తూచి సగటు తీయండి. పని అయ్యాక ఆ గ్లాసును మళ్ళీ మంచినీళ్ళకు వాడకండి.

నాకు సాంద్రత 5 వచ్చింది. అయితే లోలింగైట్ కాదనేనా?

రాయిలో తెల్లని పలుగురాయి (క్వార్ట్జ్) కలిసి ఉందేమో చూడండి. ఘనపరిమాణంలో సగం పలుగు, సగం లోలింగైట్ ఉన్న రాయికి సాంద్రత సరిగ్గా 5 దగ్గరే వస్తుంది. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజం సాంద్రత కూడా 5 కాబట్టి ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. ఈ పరీక్ష మెరిసే భాగం ఒక్కటే ఉన్న ముక్కకే చెల్లుతుంది. అలాంటి ముక్క లేకపోతే దాని కోసం రాయిని పగలగొట్టకండి. పగిలితే నమూనా విలువ పోతుంది, దుమ్ము గాలిలో కలుస్తుంది.

సాంద్రత 7.4 వచ్చింది. ఇక ఖాయమేనా?

ఇంకా కాలేదు. గెలీనా సాంద్రత కూడా అదే. అయితే గెలీనా చాలా మెత్తన, గీతకు ఎంత లొంగదో ఒకటి నుంచి పది దాకా చెప్పే మోస్ కొలమానంలో దాని కాఠిన్యం రెండున్నరే. రాగి నాణెం కొసతో కూడా దానిమీద గీత పడుతుంది. విరిగిన చోట చిన్న చిన్న ఘనాలు మెట్లుగా కనిపిస్తాయి. లోలింగైట్ కాఠిన్యం 5 నుంచి 5.5, అంటే రాగికి లొంగదు. విరిగిన చోటు గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. గెలీనా కాదని తేలినా కోబాల్ట్, నికెల్ బంధువులు మిగిలే ఉంటాయి. సాఫ్లోరైట్, రామెల్స్‌బెర్గైట్‌ల సాంద్రత కూడా 7 దగ్గరే. రాయి పగుళ్ళలో గులాబీ రంగు పూత కనిపిస్తే కోబాల్ట్ ఉన్నట్టు, ఆపిల్ పచ్చ పూత కనిపిస్తే నికెల్ ఉన్నట్టు అనుమానించాలి.

బంగారాన్ని గీటురాయి మీద చూసినట్టు దీన్నీ గీసి చూడవచ్చా?

నేల పలక వెనుక, నునుపు పూత లేని వైపు ఒక్కసారి చిన్నగా గీయవచ్చు. చారిక బూడిద నలుపుగా వస్తుంది. ఆర్సెనోపైరైట్, పైరైట్‌ల చారిక కూడా ఇంచుమించు అంతే కాబట్టి దీనివల్ల తెలిసేది తక్కువ. గీసిన పలకను తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారేయండి.

వెల్లుల్లి వాసన వస్తే ఆర్సెనిక్ అని చదివాను. కాల్చి చూడవచ్చా?

వద్దు. ఎంత చిన్న ముక్కయినా, ఆరుబయటైనా, గాలి వెనక నిలబడి అయినా వద్దు. వేడి చేస్తే ఇందులోని ఆర్సెనిక్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తెల్లని పొగగా లేస్తుంది. ఆ పొగ చల్లారితే వచ్చే తెల్లపొడే మన పెద్దలు తెల్ల పాషాణం అని పిలిచిన విషం. పాత ఖనిజశాస్త్ర పుస్తకాల్లో బొగ్గు మీద పెట్టి ఊది చూడమని రాసి ఉంటుంది. ఆ పద్ధతి ఆనాటి ప్రయోగశాలలది, ఎందరి ఆరోగ్యాన్నో తీసుకున్నది కూడా. సుత్తి దెబ్బ తగిలినప్పుడు తనంతట తాను వాసన వస్తే గుర్తు పెట్టుకోండి, అంతవరకే. ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చకండి. వెల్లుల్లి వాసన ఆర్సెనోపైరైట్‌కు కూడా వస్తుంది కాబట్టి అంత ప్రమాదం తలకెత్తుకున్నా మీ ప్రశ్నకు జవాబు దొరకదు.

ఆమ్లంలో వేస్తే?

అదీ వద్దు. ఆర్సెనిక్ ఖనిజాలను ఆమ్లాలతో కలిపితే విషపూరితమైన ద్రావణం, కొన్ని పరిస్థితుల్లో విషవాయువు కూడా పుడతాయి. ఆ ద్రావణాన్ని ఇంట్లో సురక్షితంగా పారబోసే చోటు లేదు.

## ప్రయోగశాల

నగల దుకాణంలోని క్యారెట్ యంత్రంతో చూపించవచ్చా?

చూపించవచ్చు కానీ ఫలితాన్ని నమ్మకండి. ఎక్స్‌రేలతో పనిచేసే ఆ యంత్రాన్ని బంగారం, వెండి, రాగి వంటి లోహాల మిశ్రమాల కోసం సరిచేసి పెడతారు. ఖనిజాన్ని పెడితే తనకు తెలిసిన లోహాల జాబితాలోనే జవాబు వెతుకుతుంది. ఇందులో ఒక చిక్కు అందరూ తెలుసుకోవాలి. ఆర్సెనిక్, సీసం విడుదల చేసే ముఖ్యమైన ఎక్స్‌రే గీతలు రెండూ 10.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒకదానిమీద ఒకటి పడతాయి. అందుకే ఆర్సెనిక్ రాయిని సీసపు రాయిగా, సీసపు రాయిని ఆర్సెనిక్ రాయిగా యంత్రం చూపిన సందర్భాలున్నాయి. తెలిసినవాళ్ళు రెండో గీతను చూసి తేల్చుకుంటారు. దుకాణంలో ఆ తీరిక ఉండదు.

అయితే ఏ పరీక్ష చేయించాలి?

పేరు తేలాలంటే ఎక్స్‌రే డిఫ్రాక్షన్. అది పరమాణువుల అమరికను చూస్తుంది. దానికి చిటికెడు పొడి చాలు. ఇనుము, కోబాల్ట్, నికెల్ ఎంతెంత ఉన్నాయో కూడా తెలియాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో మూలకాల విశ్లేషణ చేయించండి. ఆ నివేదికలో మొదట గంధకం వరుస చూడండి. గంధకం దాదాపు లేకుండా, పరమాణువుల లెక్కలో ఆర్సెనిక్ ఇనుముకు రెట్టింపు ఉంటే లోలింగైట్. ఇనుము, ఆర్సెనిక్, గంధకం మూడూ సమానంగా ఉంటే ఆర్సెనోపైరైట్. నివేదికలో శాతాలు బరువు లెక్కలో ఇచ్చారో, పరమాణువుల లెక్కలో ఇచ్చారో తప్పక అడగండి. ఈ రెంటినీ కలిపేసుకుని తప్పు పేరు పెట్టుకున్నవాళ్ళు చాలామంది.

మన దగ్గర ఎక్కడ అడగాలి?

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్‌లోని బండ్లగూడలో ఉంది. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో భూగర్భశాస్త్ర విభాగాలున్నాయి. ముందుగా ఉత్తరం రాసి, రాయి ఎక్కడ దొరికిందో, సాంద్రత ఎంత వచ్చిందో చెప్పి అనుమతి తీసుకుని వెళ్ళండి. సాంద్రత కొలిచి వచ్చినవారితో అధ్యాపకులు శ్రద్ధగా మాట్లాడటం నేను చూశాను. ఆర్సెనిక్ ఉండవచ్చని ముందే చెప్పడం మర్యాద కూడా.

## విలువ

కిలో ఎంతకు అమ్ముడవుతుంది?

ఖనిజంగా దీనికి కిలో ధర అంటూ లేదు. ఇనుము కోసం దీన్ని ఎవరూ తీయరు. ఆర్సెనిక్ ప్రపంచానికి కావలసినంత రాగి వంటి లోహాల శుద్ధిలో ఉప ఉత్పత్తిగా వస్తోంది. పైగా ఖనిజంలో ఆర్సెనిక్ ఎక్కువుంటే శుద్ధి కర్మాగారాలు ధరలో కోత పెడతాయి. ఈ రాయికి విలువ రావాలంటే సేకరణకు పనికివచ్చే నమూనా అయినా కావాలి, లోపల బంగారమైనా ఉండాలి.

లోపల బంగారం ఉంటుందని విన్నాను. తీయవచ్చా?

విన్నది నిజమే. కొన్ని బంగారు నిక్షేపాల్లో లోలింగైట్ తన స్ఫటికంలో కంటికి కనిపించని బంగారాన్ని దాచుకుంటుంది. శిల చల్లారుతూ గంధకం వచ్చి చేరినప్పుడు లోలింగైట్ అంచుల నుంచి ఆర్సెనోపైరైట్‌గా మారుతుంది. ఆ కొత్త ఖనిజంలో ఇమడని బంగారం బయటపడి, రెండు ఖనిజాల సరిహద్దు వెంట చిన్న రేణువులుగా చేరుతుంది. సూక్ష్మదర్శిని కింద ఆ సరిహద్దును మొదటిసారి చూసిన రోజు నాకు ఇంకా గుర్తుంది. బూడిద రంగు నేల మీద, రెండు తెలుపుల మధ్య, పసుపు చుక్కలు బారుగా ఉన్నాయి.

ఇక లెక్క చూడండి. టన్నుకు 10 గ్రాముల బంగారం ఉన్న రాయిని గనుల భాషలో మంచి రాయి అంటారు. అలాంటి రాయి 100 గ్రాములు మీ దగ్గరుంటే అందులోని బంగారం ఒక మిల్లీగ్రాము. దాని కోసం ఇంట్లో కాల్చి, పాదరసం కలిపి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. మీ భూమిలో పెద్ద సిర ఉందనిపిస్తే కూడా సొంతంగా తవ్వకం మొదలుపెట్టకూడదు. 1957 నాటి గనుల చట్టం ప్రకారం అన్వేషణకూ తవ్వకానికీ అనుమతి కావాలి.

సేకరణ నమూనాగా ధర దేని మీద ఆధారపడుతుంది?

స్ఫటికాల మీద. రూపం లేని ముద్దరాయి అరచేతిలో పట్టేంత ఉన్నా సాధారణంగా పది, ఇరవై డాలర్ల స్థాయిలోనే ఉంటుంది. పదునైన అంచులతో, పూర్తి ముఖాలతో, మాయని మెరుపుతో ఉన్న స్ఫటికాలు, పక్కన ఫ్లోరైట్ లేదా పలుగు అందంగా అమరి ఉంటే వందల డాలర్లు పలుకుతాయి. దెబ్బలు ధరను బాగా కోసేస్తాయి. భూతద్దంతో ముందు వైపు స్ఫటికాల కొసలను చూడండి. కొస విరిగిన చోట మెరుపు తీరు మారుతుంది. ధర వేసేటప్పుడు అమ్మకందారులు అడుగుతున్న అంకెలను కాక, వేలంలో నిజంగా అమ్ముడైన అంకెలను పోల్చండి.

ఏ గని పేరు ఉంటే విలువ పెరుగుతుంది?

ఈనాడు అందమైన స్ఫటికాలకు పేరున్నది చైనాలోని ఇన్నర్ మంగోలియాలో ఉన్న హువాంగాంగ్ గని. అక్కడ ఆర్సెనోపైరైట్ కూడా దొరుకుతుంది కాబట్టి రాయి పేరు, దొరికిన చోటు రాసి జతచేసే చీటీలు తారుమారవుతుంటాయి. మొరాకోలోని బూ అజెర్ కోబాల్ట్ గనుల రాళ్ళకు ఆదరణ ఉంది, కాకపోతే అక్కడ లోలింగైట్, సాఫ్లోరైట్ కలిసే పెరుగుతాయి. పరీక్ష నివేదిక లేకుండా పెద్ద ధర పెట్టకండి.

నా మనసుకు దగ్గరైనవి మాత్రం అమెరికాలో న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ రాళ్ళు. చిన్న వెండిరంగు లోలింగైట్ స్ఫటికాలు తెల్లని కాల్సైట్‌లో పొదిగి ఉంటాయి. అతినీలలోహిత దీపం వేస్తే కాల్సైట్ నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది, మధ్యలో లోలింగైట్ నల్లగా నిలబడుతుంది. ఫ్రాంక్లిన్ గని 1954లోనే మూతపడింది. అక్కడి పాత చీటీ ఉన్న రాయి దొరికితే చీటీని రాయితో సమానంగా చూసుకోండి. ఇక లోలింగ్ నుంచే వచ్చిన రాయి అందంగా లేకపోయినా ఖనిజానికి పేరిచ్చిన చోటు కాబట్టి సేకరణకర్తలు దాన్ని వదులుకోరు.

చీటీ పోయింది. ఇప్పుడేం చేయాలి?

ఎక్కడిదో మీకు ఖాయంగా తెలిస్తే ఇప్పుడే రాయండి: గని, జిల్లా, దేశం, ఎవరి దగ్గర ఎప్పుడు తీసుకున్నారో. తెలియకపోతే తెలియదని రాయండి. ఊహించి రాసిన చీటీ తర్వాతివారిని మోసం చేస్తుంది.

ఆర్సెనోపైరైట్ అని అమ్మిన రాయి లోలింగైట్ అని తేలింది. లాభమా, నష్టమా?

అందమైన స్ఫటికాలైతే సాధారణంగా లాభమే, ఎందుకంటే మంచి లోలింగైట్ స్ఫటికాలు అరుదు. ఒకసారి నాకు అమ్మిన రాయి కాగితం మీద ఒకటి, కాటా మీద మరొకటి అయింది. నివేదిక జత చేసి అమ్మినవారికే పంపాను. మిగిలిన రాళ్ళ చీటీలు కూడా సరిచేస్తామని వారు జవాబిచ్చారు. పాత చీటీని పారేయకుండా, కొత్త పేరును, పరీక్ష తేదీని వెనుక రాసి రెండింటినీ కలిపి ఉంచండి.

## ఇంట్లో ఉంచుకోవడం

ఆర్సెనిక్ ఉన్న రాయిని ఇంట్లో పెట్టుకోవడం ప్రమాదమా?

పొడిగా, మూత ఉన్న పెట్టెలో, పిల్లలకు అందకుండా ఉంచితే భయం లేదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ప్రమాదం దుమ్ములో, పొగలో, నీళ్ళలో ఉంది. తాగే నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించి ఆర్సెనిక్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంత తక్కువ మోతాదు హద్దుగా ఉన్న పదార్థం మీ రాయిలో మూడొంతులుంది. చేపల తొట్టిలో, తులసికోట దగ్గర, బావి గట్టున అలంకారంగా పెట్టకండి.

రాయి మీద పచ్చని పొర వస్తోంది. తుడిచేయాలా?

అది స్కొరొడైట్ కావచ్చు. గాలి, తేమ తగిలి లోలింగైట్ మారినప్పుడు ఏర్పడే ఇనుప ఆర్సెనేట్ అది. పొడిపొడిగా రాలుతుంటే చేతితో గీకకండి, మూత పెట్టెలోకి మార్చి తేమ పీల్చే పొట్లం ఒకటి వేయండి. గట్టి స్ఫటికాలుగా ఉంటే అలాగే వదిలేయండి. మంచి స్కొరొడైట్‌కు సేకరణలో తన విలువ తనకుంది.

లాకెట్‌గా చేయించుకోవచ్చా? మాక్షిక భస్మానికి పనికివస్తుందా?

రెండింటికీ కాదు. సానపట్టేటప్పుడు లేచే దుమ్ము సానపట్టేవారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పెళుసు రాయి కాబట్టి లాకెట్‌గా నిలవదు కూడా. మాక్షికం పేరుతో ఆయుర్వేద గ్రంథాల్లో చెప్పినవి రాగి, ఇనుము, గంధకం ఉన్న వేరే ఖనిజాలు. వెండిలా మెరిసిందని దీన్ని తారమాక్షికం అనుకుని నూరితే ప్రాణాపాయం.

పిల్లవాడు నోట్లో పెట్టుకున్నాడు. ఏం చేయాలి?

నోరు నీళ్ళతో కడిగించి ఉమ్మించండి, చేతులు కడగండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వాంతి చేయించే ప్రయత్నం ఇంట్లో చేయకండి. రాయిని సంచిలో మూటకట్టి వెంట తీసుకువెళ్ళి, ఇందులో ఆర్సెనిక్ ఉందని వైద్యులకు మొదటి మాటగా చెప్పండి.